విదేశీ పీహెచ్‌డీకి డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

విదేశాల్లో పీహెచ్‌డీ చేయాలనుకునే శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు మొదట వెతికేది స్కాలర్‌షిప్‌ల జాబితా. నిజానికి పీహెచ్‌డీ డబ్బులో ఎక్కువ భాగం ఆ జాబితాల్లో కనిపించదు. అది ప్రొఫెసర్ దగ్గరున్న ప్రాజెక్టు నిధిలోనో, డిపార్ట్‌మెంట్ బడ్జెట్‌లోనో, ఉద్యోగ ప్రకటనలోనో ఉంటుంది. ఎంఎస్‌కి పొలం తాకట్టు పెట్టి లోన్ తీసుకున్న ఇంట్లోవాళ్లు పీహెచ్‌డీకీ అలాగే సిద్ధపడతారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. ముఖ్యంగా సైన్స్, ఇంజనీరింగ్‌లో ఫండింగ్ లేని పీహెచ్‌డీ అడ్మిషన్ వస్తే సీటు రానట్టే అనుకోండి.

అమెరికా సంగతి చూద్దాం. అక్కడ బీటెక్‌తో నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చు. రాజాం, ఎచ్చెర్ల, విజయనగరం కాలేజీల్లో చదివినవాళ్లకి ఇది పెద్ద వెసులుబాటు. చాలా యూనివర్సిటీల గడువు డిసెంబరు 1 నుంచి 15 మధ్య ముగుస్తుంది. సీటుతో పాటు టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (జూనియర్లకి పాఠాలు, ల్యాబ్‌లు చెప్పే పని) గానీ రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ (ప్రొఫెసర్ ప్రాజెక్టులో పని) గానీ ఇస్తారు. ట్యూషన్ ఫీజు మాఫీ అయి, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. అయితే ఆఫర్ లెటర్ మొదటి పేజీలో అంకె చూసి సంబరపడొద్దు. ఆ స్టైపెండ్ 9 నెలలకా, 12 నెలలకా? 9 నెలలకైతే వేసవి 3 నెలలు అద్దె ఎలా కట్టాలో ముందే అడగాలి. ట్యూషన్ మాఫీ అయినా స్టూడెంట్ ఫీజులు, హెల్త్ ఇన్సూరెన్స్ విడిగా కట్టించుకునే చోట్లున్నాయి. ఎన్నేళ్లకి హామీ ఇస్తున్నారో కూడా రాసి ఉండాలి. టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌కి ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ స్పీకింగ్‌లో చాలాచోట్ల విడిగా కటాఫ్ పెడతారు కాబట్టి మొత్తం స్కోరు బాగున్నా అక్కడ ఆగిపోవచ్చు. ఇంకొకటి. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్లలో చాలావాటి మధ్య ఏప్రిల్ 15 ఒప్పందం ఉంది. అందులో ఉన్న యూనివర్సిటీ ఫండింగ్ ఆఫర్ ఇచ్చి, ఆ తేదీకి ముందే తేల్చి చెప్పమని ఒత్తిడి చేయకూడదు.

యూరప్ లెక్క వేరు. జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్, నార్వేలలో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే. ప్రకటన పడుతుంది, సీవీ పంపాలి, ఇంటర్వ్యూ ఉంటుంది. దాదాపు అన్నిచోట్లా మాస్టర్స్ ఉండాలి. యూరప్ పరిశోధన ఉద్యోగాల యురాక్సెస్ సైటు, డచ్ వాళ్ల అకడమిక్‌ట్రాన్స్‌ఫర్, జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ నడిపే పీహెచ్‌డీజర్మనీ పోర్టల్, ఈ మూడింట్లో ఈమెయిల్ అలర్ట్ పెట్టుకుంటే చాలు. జర్మన్ ప్రకటనలో ఈ13, 65 శాతం అని ఉంటే ఆ జీతస్కేలులో 65 శాతం ఇస్తారన్నమాట. చేతిలో అలాంటి కాంట్రాక్టు ఉంటే వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చులకి డబ్బుందని చూపే ఖాతాలో) డబ్బు వేసే పని ఉండదు. యూరోపియన్ యూనియన్ నిధులిచ్చే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లకి మనవాళ్లు అర్హులే. ఏ దేశంలో ఉద్యోగం ఇస్తారో ఆ దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు, అంతే. ఇక్కడి నుంచి నేరుగా వెళ్లేవాళ్లకి ఈ నిబంధన కలిసొస్తుంది.

బ్రిటన్ ప్రకటనల్లో ఒక మాట దగ్గర జాగ్రత్త. స్టూడెంట్‌షిప్ (పీహెచ్‌డీ నిధి) హోమ్ ఫీజు, అంటే అక్కడి విద్యార్థుల ఫీజు వరకే ఇస్తామని ఉంటే, విదేశీ విద్యార్థి ఫీజుకీ దానికీ ఉన్న తేడా మీ నెత్తిన పడుతుంది. అది లక్షల్లో ఉంటుంది. పైగా వీసా సమయంలో హెల్త్ సర్‌ఛార్జ్ ఏడాదికి 776 పౌండ్ల చొప్పున మొత్తం ఒకేసారి కట్టాలి. నాలుగేళ్లకి కనీసం 3,104 పౌండ్లు. అది ఎవరు భరిస్తారో సీటు ఒప్పుకోకముందే అడగండి. అక్కడి ప్రభుత్వాలిచ్చే స్కాలర్‌షిప్‌లలో ఆస్ట్రేలియాలో రీసెర్చ్ ట్రైనింగ్ ప్రోగ్రామ్, జపాన్‌లో మెక్స్ట్ మంచివే. రెంటికీ గైడ్ ముందే ఒప్పుకుని ఉంటే పని సులువవుతుంది.

గైడ్‌ని ఒప్పించేది ఈమెయిలే. మనవైపు నుంచి వెళ్లే మెయిళ్లు తరచూ 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ' అని మొదలై, మార్కుల చిట్టాతో ముగుస్తాయి. వాటిని ఎవరూ చివరిదాకా చదవరు. ఉద్దానం బోరు నీటి మీద ఎంఎస్సీ ప్రాజెక్టు చేసిన అమ్మాయినే తీసుకోండి. కవిటి, సోంపేట మండలాల్లోలా కారణం తేలని కిడ్నీ జబ్బు శ్రీలంకలోనూ, మధ్య అమెరికాలోనూ ఉంది. దానిమీద పనిచేసే ల్యాబ్‌కి ఆమె ఇలా రాయాలి: ఫలానా పేపర్లో మీరు నీటి నమూనాలు ఈ పద్ధతిలో పరీక్షించారు, నేను ఫలానా గ్రామాల నుంచి ఇన్ని నమూనాలు తీసి, ఈ పరికరంతో ఇవి కొలిచాను, మీ పద్ధతి మా నేలకి సరిపోతుందో లేదో చూడాలనుంది, వచ్చే ఏడాది మీ దగ్గర ఫండింగ్‌తో ఖాళీ ఉందా? 200 మాటలు దాటకూడదు. సీవీ రెండు పేజీల పీడీఎఫ్. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి. ఒకే మెయిల్ వందమందికి పంపితే ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికి వెళ్లి, ఇద్దరూ పక్కన పెట్టేస్తారు.

ప్రభుత్వ పథకాల్లో ముఖ్యమైనది నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకి కేంద్ర సామాజిక న్యాయ శాఖ 125 స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, వయసు 35 లోపు, 60 శాతం మార్కులు ఉండాలి. ప్రపంచ యూనివర్సిటీల క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500 లోపు యూనివర్సిటీ నుంచి షరతుల్లేని ఆఫర్ కావాలి. ట్యూషన్ ఫీజు కాక ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్ అయితే 9,900 పౌండ్లు ఖర్చులకిస్తారు. ఎస్టీలకి గిరిజన శాఖ విడిగా 20 ఇస్తుంది. అందులో 3 ఆదిమ తెగలవి. కొండ సవరలు, గదబల్లో బోడో, గుటోబ్ వర్గాలవాళ్లు ఆ తెగల్లోకే వస్తారు కాబట్టి సీతంపేట, పార్వతీపురం వైపు చదువుకున్న పిల్లలకి ఈ మాట తప్పకుండా చేరాలి. అప్లికేషన్లు ఎక్కువగా ఈ కారణాలకే తిరిగొచ్చేస్తాయి: ఆదాయ సర్టిఫికెట్ పాతదవడం, ఆఫర్ లెటర్లో ఏదో షరతు మిగిలి ఉండటం, సీజీపీఏని శాతంలోకి మార్చిన కాగితం యూనివర్సిటీ నుంచి తేకపోవడం.

ఇక మన దగ్గరే పట్టే ఆలస్యం. మెమో మీద ఏ యూనివర్సిటీ పేరుంటే ట్రాన్‌స్క్రిప్ట్‌లు అక్కడే తీసుకోవాలి. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ 2022లో విడిగా ఏర్పడింది. అంతకుముందు బ్యాచ్‌ల మెమోలు కాకినాడవైతే కాకినాడే వెళ్లాలి. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో) స్కాన్‌లు జూలైకల్లా సిద్ధంగా పెట్టుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఎలా ఉందో పాస్‌పోర్టులోనూ అలాగే ఉండాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరు ముందు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. తర్వాత బ్యాంకు ఖాతా, జీతం కాగితాలు అన్నిటా అదే తలనొప్పి. అప్లై చేయకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

రికమండేషన్ లెటర్లు సాధారణంగా మూడు కావాలి. 'నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతాను' అనే మాస్టార్లు చాలామంది. అలా ఒకే చేత్తో రాసిన మూడూ ఒకేలా ఉండి దొరికిపోతాయి. దానికి బదులు మీ ప్రాజెక్టు, మార్కులు, ల్యాబ్‌లో చేసిన పని ఒక పేజీలో రాసిచ్చి, మూడు వారాల ముందే అడగండి. లెటర్ అప్‌లోడ్ చేయడానికి వారి కాలేజీ మెయిల్ ఐడీ ఉందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. జీమెయిల్ ఐడీ ఇస్తే కొన్ని పోర్టళ్లు ఒప్పుకోవు.