పనిమనిషి మీద దొంగతనం కేసు: రాజీ కుదిరాక కూడా వెంటనే ముగియలేదు ఎందుకంటే... (నా అనుభవం)

నిన్న లోక్ అదాలత్‌లో మా ఆడపడుచు మీద ఉన్న కేసు రాజీతో ముగిసింది. గుంటూరులో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషి. ఒక ఇంట్లో వెండి గ్లాసులు కనపడలేదని, తీసింది తనేనని కంప్లయింటు ఇచ్చారు. ఇలాంటి కేసు నెత్తిన పడ్డ ఆడవాళ్లకి పనికొస్తుందని అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

లాయరు తేలిగ్గానే దొరికారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ, ఆధార్ జిరాక్సు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఇస్తే చాలు. విజయవాడ వాళ్లు అక్కడి కోర్టుల్లోనే ఉండే మండల న్యాయ సేవా కమిటీకి వెళ్లొచ్చు. వెళ్లలేకపోతే 15100కి ఫోన్ చెయ్యండి. కోర్టు బయట బల్లలేసుకుని కూర్చునే కొందరు గుమాస్తాలు "ఆదాయం సర్టిఫికెట్ లేందే కుదరదు, నేను తీయిస్తా" అంటారు. వాళ్లకి రూపాయి కూడా ఇవ్వొద్దు.

స్టేషన్ నుంచి 35(3) నోటీసు, అంటే ఫలానా తేదీకి విచారణకి రమ్మనే కాగితం వస్తుంది. భయపడి దాక్కోవద్దు. చెప్పిన తేదీకి వెళ్తే అరెస్టు చెయ్యాల్సిన అవసరం సాధారణంగా ఉండదు, వెళ్లకపోతే అరెస్టుకి మనమే దారి ఇచ్చినట్టు. నోటీసు కాగితం మీదే రావాలి, వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో స్పష్టంగా చెప్పింది. పొద్దుగుంకాక, తెల్లారకముందు ఆడమనిషిని అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి మేజిస్ట్రేటు దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. స్టేషన్లో మనం చెప్పింది రాసుకుంటారు, కానీ దాని కింద మన సంతకం పెట్టించకూడదు. ఇది నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 181వ సెక్షన్. పై 35(3) కూడా అందులోదే. దాని కింద వేలిముద్ర అడిగినా, ఖాళీ కాగితం ఇచ్చినా "మా లాయరు వచ్చాక" అనండి చాలు.

ఇక మమ్మల్ని ఏడిపించిన సంగతి చెప్తాను.

ఆ ఇంటివాళ్లతో మాట్లాడటానికి న్యాయ సేవా సంస్థ పంపిన పారా లీగల్ వాలంటీరు (లాయరు కాదు, చట్టం విషయాల్లో సాయం చేసే మనిషి), మా వీధి డ్వాక్రా సంఘం లీడరు కలిసి వచ్చారు. మంచి మధ్యవర్తి ఎవరి తప్పు ఎంతని తేల్చడానికి కూర్చోరు. ముందు ఇద్దరినీ విడివిడిగా వింటారు, తర్వాతే ఎదురెదురుగా కూర్చోబెడతారు. పంచాయితీ అంతా ఒక్క దాని దగ్గరే తిరిగింది: గ్లాసుల ఖరీదు మేం కట్టాలా అని. వద్దని గట్టిగా చెప్పింది ఆ వాలంటీరే. డబ్బు కడితే తీసినట్టే అంటారు, రేపు ఇంకో ఇంట్లో పని అడిగితే ఈ మాటే ముందు వెళ్తుంది. చివరికి వాళ్లు ఆరోపణ వెనక్కి తీసుకోవాలి, ఆపిన జీతం ఇచ్చెయ్యాలి, మేం ఎదురు కేసు పెట్టకూడదు అని రాసుకున్నాం. ఆ కాగితంలో "పొరపాటున తీశాను", "క్షమించండి" లాంటి మాటలు ఒక్కటి కూడా ఉండకూడదు.

అది పట్టుకుని లోక్ అదాలత్‌కి వెళ్తే బెంచి తీసుకోలేదు. ఇద్దరం ఒప్పుకున్నా కుదరదన్నారు. మాకేమీ అర్థం కాలేదు. కంప్లయింటు ఇచ్చినావిడ కూడా నిలబడి "నాకు కేసు వద్దండీ" అంటూనే ఉంది.

కారణం ఒక్క అంకె. ఎఫ్‌ఐఆర్‌లో భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 305 అని ఉంది, అంటే ఇంట్లో దొంగతనం. ఈ సెక్షన్‌కి రాజీ లేదు, రాజీ లేని నేరాన్ని లోక్ అదాలత్ ముట్టుకోదు. అదే పనిమనిషి యజమాని సొత్తు తీసిందని చెప్పే 306 అయితే కోర్టు అనుమతితో రాజీ పడొచ్చు. మామూలు దొంగతనం, అంటే 303(2) అయితే ఆ అనుమతి కూడా అక్కర్లేదు. 305కీ 306కీ శిక్ష ఒకటే, ఏడేళ్ల దాకా. పనిమనిషి మీద పెట్టే కేసుకి అచ్చంగా సరిపోయేది 306. అయినా స్టేషన్లో కేసులు రాసే రైటరు అలవాటుగా 305 అని రాసేశాడు. అడిగితే అందరి ముందూ "పనోళ్లకి సెక్షన్లెందుకమ్మా" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోను. సెక్షన్ ఎవరికి కావాలో వాళ్లకే చెప్పకపోతే ఇంకెవరికి చెప్తారు?

305 మీదే ఛార్జిషీటు పడి ఉంటే రాజీ కాగితంతో హైకోర్టుకి వెళ్లి కేసు కొట్టేయమని అడగాల్సి వచ్చేది. ఇంకా పడలేదు కాబట్టి దారి దొరికింది. ఆమె ఆ ఇంట్లో జీతానికి పనిచేస్తోందని కంప్లయింటులోనే ఉంది. ఆ వాక్యాన్ని ఎత్తి చూపుతూ మా లీగల్ ఎయిడ్ లాయరు దర్యాప్తు అధికారికి అర్జీ రాసి, ఒక ప్రతి డీఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. ఆ తర్వాతే సెక్షన్ మారుస్తూ కోర్టుకి మెమో వెళ్లింది. అందుకే ఎఫ్‌ఐఆర్ చేతికి రాగానే కథంతా చదవక్కర్లేదు, ముందు సెక్షన్ అంకె చూడండి. స్టేషన్ దాకా వెళ్లక్కర్లేకుండా పోలీసు వెబ్‌సైట్లోనే దొరుకుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రాజీ పడాల్సింది సొత్తు సొంతదారు, కంప్లయింటు ఇచ్చినవాళ్లు కాకపోవచ్చు. మా కేసులో కంప్లయింటు అత్తగారిది, గ్లాసులు కోడలి పుట్టింటివి. హైదరాబాద్ నుంచి ఆ అమ్మాయి వచ్చి సంతకం పెడితే గానీ పని జరగలేదు. ఇది ముందే అడిగి తెలుసుకోండి. లోక్ అదాలత్ రోజు ఇరుపక్షాలూ ఆధార్ ఒరిజినల్స్‌తో రావాలి. అనుమతి పిటిషన్, రాజీ పిటిషన్ రెండూ లాయరే రాస్తారు. ఇష్టంతోనే రాజీ పడుతున్నారా అని జడ్జిగారు అడుగుతారు. కోర్టు ఫీజు లేదు.

"ఒప్పేసుకుని జరిమానా కట్టెయ్, ఒక్క పూటలో అయిపోతుంది" అని చెప్పేవాళ్లు ప్రతి కోర్టు వరండాలోనూ ఉంటారు. వినకండి. ఒప్పుకుంటే శిక్ష పడినట్టే. అంగన్‌వాడీ ఆయా పోస్టుకో, కువైట్ వెళ్లడానికి పాస్‌పోర్టుకో పోలీసు విచారణ జరిగిన రోజు అది బయటికొస్తుంది. కోర్టు అనుమతించిన రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. నిజంగా తీసిన మనిషికీ దారులున్నాయి. బట్టల షాపులో ఐదు వేల లోపు వస్తువు, మొదటిసారి, తిరిగి ఇచ్చేస్తే, 303(2) కింద జైలు బదులు సమాజ సేవ వేస్తారు. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు అలాంటి కేసు దర్యాప్తు కూడా చెయ్యకూడదు. మిగతా కేసుల్లో 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద, అంటే జైలుకి పంపకుండా మంచి నడవడిక మీద వదలమని అడగమని లాయరుకి చెప్పండి. అడగకపోతే చాలామంది దాన్ని ఎత్తరు.

ఎఫ్‌ఐఆర్ కట్టాక స్టేషన్లో రాసుకునే రాజీతో కేసు పోదు. ఎఫ్‌ఐఆర్ కాకముందే అయితే మాత్రం న్యాయ సేవా సంస్థలో ప్రీ లిటిగేషన్ అర్జీ పెట్టి అక్కడే తేల్చుకోవచ్చు, వీధి పంపు దగ్గర తగాదాలకి ఇది చాలా మేలు.

లోక్ అదాలత్ ఇచ్చే తీర్పుని అవార్డు అంటారు, దాని సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకోండి. ఒకటి స్టేషన్లో ఇచ్చి, ముట్టినట్టు సీలు వేయించుకోండి. రెండోది ఇంట్లో దాచుకోండి.