టిఫిన్ సెంటర్‌లో ప్లేట్ల పంచాయితీ

2022 జులై 1న ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు నిషేధించాక మేమూ పేపర్‌కి మారాం. బావ ఇక గొడవ లేదన్నాడు. నాకే మనసొప్పలేదు. పేపర్ కప్పు లోపలి పూత కూడా ప్లాస్టిక్కే కదా, లేకపోతే వేడి టీకి నిలబడుతుందా!

స్టీలు ప్లేట్లు పెడదామన్నాను. "ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు కొని ప్లేట్లు కడిగితే అదేం పర్యావరణం?" అన్నాడు. నిజమే, జవాబు దొరకలేదు.

చివరికి స్టీలు ప్లేటు మీద అరిటాకు ముక్క వేస్తున్నాం. ఆకు ఆవులకి, ప్లేటుకి చెంబెడు నీళ్లు చాలు. ఖర్చు కాస్త పెరిగింది, దోసె రేటు మాత్రం పెంచలేదు (బావ ఇంకా సణుగుతూనే ఉన్నాడు).

పార్శిల్ చట్నీ కవర్ల సంగతే తేలట్లేదు. క్యారేజీ తెచ్చుకుంటే ఐదు రూపాయలు తగ్గిస్తామని బోర్డు పెట్టాం. తెచ్చేది ఎక్కువగా పెద్దవాళ్లే. కుర్రాళ్లు కవరే అడుగుతున్నారు.