పంటి మందుతో పెరిగిన ఐఎన్ఆర్

నాకు గుండెలో మైట్రల్ వాల్వ్ తీసేసి మెటల్ వాల్వ్ పెట్టారు, అందుకని జీవితాంతం వార్ఫరిన్ వేసుకోవాల్సిందే. లోహం మీద రక్తం గడ్డకట్టి ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం వస్తుంది, అది రాకుండా ఈ మాత్ర. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే పరీక్ష ఐఎన్ఆర్, అంకె పెరిగేకొద్దీ రక్తస్రావం భయం ఎక్కువ. మామూలుగా అది 1 దగ్గర ఉంటుంది, నాకైతే 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు. చాలాకాలం అలాగే ఉంది కూడా.

ఆ తర్వాత దవడ పన్నుకి చీము పట్టింది. పళ్ల డాక్టరు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు, నొప్పి తగ్గింది. కోర్సు అయిపోవస్తుండగా పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, పంటి వల్లేమో అనుకున్నాను. మర్నాడు చూస్తే తొడ మీద అరచేయంత నల్లగా కమిలి ఉంది, ఎక్కడా దెబ్బ తగల్లేదు. సాయంత్రం ముక్కులోంచి కారడం మొదలైంది, ముందుకి వంగి ముక్కు గట్టిగా పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా గుడ్డ తడుస్తూనే ఉంది. అంత భయం నాకు ఆపరేషన్ ముందు రోజు కూడా వేయలేదు.

ఎమర్జెన్సీలో చూస్తే ఐఎన్ఆర్ 8 దాటింది. తలలో రక్తస్రావం ఉందేమోనని సీటీ తీశారు, లేదు. వార్ఫరిన్ ఆపి దానికి విరుగుడుగా విటమిన్ కె ఇచ్చారు, అదీ ఆచితూచి, ఎక్కువైతే వాల్వ్ మీద గడ్డకడుతుందట. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. లివర్ వార్ఫరిన్‌ని విరగ్గొట్టకుండా మెట్రోనిడజోల్ అడ్డుపడుతుందని, దాంతో రోజూ వేసుకునే డోసే ఎక్కువ డోసులా పనిచేస్తుందని గుండె డాక్టరు చెప్పారు. రక్తంలో అప్పటికే ఉన్న గడ్డకట్టించే ప్రోటీన్లు అయిపోయేదాకా తేడా బయటపడదు, అందుకే మొదట్లో ఏమీ తెలియలేదు.

ఐఎన్ఆర్ మెల్లగా దిగింది, మాత్ర తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టి పాత డోసుకి తెచ్చారు. మచ్చ ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి పోయింది, నీరసం మాత్రం చాలా రోజులుంది.

వార్ఫరిన్ వాడేవాళ్లు ఎవరైనా సరే, యాంటీబయాటిక్, ఫంగస్ మందు, నొప్పి మాత్ర, ఏది కొత్తగా రాసినా "ఐఎన్ఆర్ ఎప్పుడు చూపించుకోవాలి?" అని అక్కడే అడగండి. భయపడి వార్ఫరిన్ మీ అంతట మీరు ఆపకండి, అది ఇంకా ప్రమాదం. మొన్న ఆ పన్ను తీయించుకోవాల్సి వచ్చినప్పుడు డాక్టర్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారు, ఐఎన్ఆర్ 2.7 ఉందని చూసుకున్నాకే పన్ను తీసి కుట్టు వేశారు, రక్తం ఆగింది.