చుట్టకుదురు

సత్యనారాయణ వ్రతంలో మూడో కథ నడుస్తోంది. పంతులుగారు సాధువనే వైశ్యుడి దగ్గరకు వచ్చారు. అప్పటికి ఆరేళ్లున్న మావాడు జనం మోకాళ్ల మధ్య నుంచి పాకి వెళ్లి, కలశం మీది కొబ్బరికాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల నీళ్లున్నాయో లేవో తెలుసుకోవాలట. ఉన్నాయని అందరికీ వినబడేలా ప్రకటించాడు కూడా.

ఎవరూ కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. ఇంటావిడ నవ్వుతూ కొబ్బరికాయను మళ్లీ కలశం మీద సర్దింది. వెనక కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఒకరు, "అమ్మాయ్, పిల్లవాడికి కాస్త కుదురు నేర్పించకూడదూ" అన్నారు. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి ఫోన్లు వచ్చాయి గానీ పిలుపులు రాలేదు.

మేముండేది డాలస్‌కు ఉత్తరాన, ఫ్రిస్కో దగ్గర. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, గరాజులో ఆవకాయ జాడీ ఉన్న ఇళ్లు ఇక్కడ లెక్కకు మించి ఉంటాయి. శని, ఆదివారాలు వచ్చాయంటే ఎక్కడో ఒకచోట గృహప్రవేశమో పుట్టినరోజో వనభోజనమో. ఉన్న ఊరు వదిలి వచ్చినవాళ్లకు ఇదే ఊరు. ఇందులోంచి ఒక కుటుంబం జారిపోవాలంటే ఎవరూ వెలివేయనక్కర్లేదు. వీడు ఎక్కడ ఏం చేస్తాడోనని మనమే వెళ్లడం మానేస్తాం. ఒకసారి జ్వరమంటాం, ఇంకోసారి ఆఫీసు పనంటాం. మేం రెండేళ్లు అలాగే గడిపాం.

రెండో తరగతిలో టీచరు కబురు పెట్టారు. చాలా తెలివైన పిల్లవాడండీ, కానీ, అంటూ మొదలుపెట్టారు. ఆ "కానీ" తర్వాతి మాటలు నా తలకెక్కడానికి నెల రోజులు పట్టింది. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఉందేమో చూడటానికి పిల్లల డాక్టరు వాండర్‌బిల్ట్ ప్రశ్నపత్రాలు రెండు ఇచ్చారు, ఒకటి ఇంట్లో నింపడానికి, ఒకటి బడిలో. లక్షణాలు ఒక్కచోట కనబడితే చాలదు. కనీసం రెండుచోట్ల కనబడాలి, పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి. మావారు ఇంటి కాగితం నింపుతూ, "ఇందులో ఏముంది, చిన్నప్పుడు నేనూ ఇంతే" అని ఒక్కో ప్రశ్నకూ నవ్వారు. పదో ప్రశ్న దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. కవలల అధ్యయనాలను కలిపి చూసినవారు ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యత సుమారు 74 శాతమని లెక్కగట్టారు. తర్వాతి ఏడాది, నలభై ఒకటో ఏట, మావారికి కూడా అదే నిర్ధారణ అయింది. పెళ్లయిన నాటి నుంచీ ఆయన కారు తాళంచెవులు వెతికిపెడుతున్నదాన్ని, నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

మావాడికి ఏడీహెచ్‌డీ అని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాం. 2022 నాటి జాతీయ సర్వే ప్రకారం అమెరికాలో 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 11.4 శాతం మందికి, అంటే దాదాపు 70 లక్షల మందికి, ఎప్పుడో ఒకప్పుడు ఏడీహెచ్‌డీ అని డాక్టర్లు చెప్పారు. ఆసియా మూలాలున్న పిల్లల్లో మాత్రం ఆ లెక్క 4 శాతమే. మన పిల్లలు అంత కుదురైనవాళ్లంటే నేను నమ్మను. మన ఇళ్లలో బీరువాలు ఎక్కువని నా అనుమానం.

ఆ ఏడాదే అత్తయ్య గుంటూరు జిల్లా నుంచి ఆరు నెలలు ఉండిపోవడానికి వచ్చారు. ఆవిడ దగ్గర దాచడం కుదరలేదు, మందు సీసా వంటింటి అలమరలోనే ఉంటుంది కదా. "ఇంత చిన్నవాడికి మందా?" అన్నారు. వారం రోజులు మాట్లాడలేదు. వాడి మొలతాడుకు ఒక తాయెత్తు కట్టారు, నేను వద్దనలేదు. తర్వాత ఒకరోజు సాయంత్రం చూస్తే, వాడు లెక్కలు చేస్తున్న బల్ల పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. చదువుకో అనడం లేదు, పుస్తకం వంక చూడటం లేదు. ఆవిడ పని ఆవిడది, వాడి పని వాడిది. నాతో అయితే రెండు గంటలు పట్టే పదిహేను తీసివేతలు అరగంటలో అయిపోయాయి. ఇలా పక్కన ఒక మనిషి ఉంటే పని సాగడాన్ని ఇక్కడ బాడీ డబ్లింగ్ అంటారని నాకు తర్వాత తెలిసింది. అత్తయ్యకు చెబితే, "దీనికి కూడా పేరు పెట్టారా?" అన్నారు.

వ్రతం నాటి కుదురు మాట ఆవిడతో అన్నాను. ఆవిడ చేతిలోని గిన్నె పక్కన పెట్టి, "కుండకు కుదురు పుట్టుకతో వస్తుందా అమ్మాయ్? అడుగు గుండ్రంగా ఉంటుంది, దొర్లుతుంది. వరిగడ్డి పేని చుట్టకుదురు చేసి మనం కింద పెడతాం. దొర్లిందని కుండను కొడతామా?" అన్నారు.

ఆ పదాన్ని నేను చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అది పిల్లవాడి లోపల ఉండాల్సిన గుణమనుకున్నానే తప్ప, కింద ఎవరో పెట్టాల్సిన వస్తువని ఎన్నడూ తోచలేదు. అత్తయ్య తిరిగి వెళ్లిపోయే రోజు దగ్గరపడుతోంది. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచే మనుషులు ఒక్కరు చాలరు.

బీరువా తాళం ఒక పుట్టినరోజు వేడుకలో తీశాను. నలుగురు తల్లులం కేకు తింటున్నాం. ఒకావిడ మావాడిని చూసి ఎప్పటిలాగే "కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడే" అంది. "వాడికి ఏడీహెచ్‌డీ ఉందండీ, మందు వాడుతున్నాం" అన్నాను. మాట మార్చడానికి అందరూ ఒకేసారి కేకు బాగుందన్నారు. ఆ రాత్రి పదకొండింటికి వాళ్లలో ఒకావిడ ఫోను చేసి చాలాసేపు ఏడ్చింది. వాళ్లమ్మాయికి పదకొండేళ్లు. అల్లరి చేయదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. పరధ్యానం, బద్ధకం అని ఇంట్లో తిడుతున్నారు. అల్లరి మగపిల్లవాడైతే కనీసం టీచరన్నా పిలుస్తారు. నోరు మెదపని ఆడపిల్ల సంగతి చాలాసార్లు ఎవరికీ పట్టదు. అదే సర్వేలో మగపిల్లల్లో 15 శాతం మందికి నిర్ధారణ అయితే ఆడపిల్లల్లో 8 శాతం మందికే అయింది.

అలా నెలకో శనివారం మా గరాజులో కలవడం మొదలైంది. మొదట మూడు కుటుంబాలు, ఇప్పుడు పద్నాలుగు. మడత కుర్చీలు ఎవరివి వాళ్లే తెచ్చుకుంటారు, టీ నాది. పిల్లలు పెరట్లో. రెండు మూడు కట్టుబాట్లు పెట్టుకోక తప్పలేదు. ఎవరి పిల్లవాడికి ఎంత మోతాదు అన్న చర్చ ఉండదు, అది డాక్టరు పని. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వడం అసలే కుదరదు, చట్టం కూడా ఒప్పుకోదు. తల్లులే కాదు, తండ్రులూ రావాలి. ఈ మూడోది అమలు చేయడానికే ఎక్కువ కష్టపడ్డాం. మొదట వచ్చిన ఒక తండ్రి, ఇదంతా మందుల కంపెనీల వ్యాపారమని అరగంట వాదించి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆయన భార్య ఇప్పటికీ నాకు ఫోను చేస్తుంది, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు.

మందు గురించి నా అభిప్రాయం అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను, అది నా అభిప్రాయంతో తేలే విషయం కాదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆరేళ్ల లోపువాళ్లకు ముందుగా తల్లిదండ్రులకే శిక్షణ ఇవ్వమన్నారు. ఆరు దాటితే మందు, దానితోపాటు ప్రవర్తనకు సంబంధించిన చికిత్స. మావాడికి మందుతో అక్షరాలు వరుసలోకి వచ్చాయి, మధ్యాహ్నం ఆకలి పోయింది. డబ్బా ఎలా పంపితే అలాగే తిరిగొస్తుంది. రాత్రి తొమ్మిదింటికి రెండు గిన్నెల పెరుగన్నం తింటాడు. మా ఇంటి భోజన వేళలు అప్పటి నుంచి మారాయి. 2022 అక్టోబరులో, ఏడీహెచ్‌డీకి వాడే అడరాల్ అనే మందుకు కొరత ఉందని, మందులను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించినప్పుడు గరాజు గుంపు విలువ తెలిసింది. ఈ రకం మందులకు పాత చీటీ మీద మళ్లీ ఇవ్వడం ఉండదు, ప్రతిసారీ డాక్టరు కొత్తగా రాయాలి. రాసినా దుకాణంలో సరుకు లేదు. పొద్దున్నే ఒక్కొక్కరం నాలుగేసి దుకాణాలకు ఫోను చేసి, ఎక్కడ ఉందో మిగతావాళ్లకు చెప్పేవాళ్లం. ఊళ్లో కిరోసిన్ వచ్చిందని కబురు చెప్పుకున్నట్టే.

బడితో వ్యవహారం ఇంకో భయం. పిల్లవాడి మీద ముద్ర పడుతుందని కొందరు, గ్రీన్ కార్డుకు అడ్డొస్తుందని కొందరు. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ కింద ప్రభుత్వ బడిలో పిల్లవాడికి అవసరమైన వెసులుబాట్లు అడగవచ్చు. మనం హెచ్-4 వీసా మీద ఉన్నామా, పౌరులమా అన్నది దీనికి సంబంధించినది కాదు, పైసా ఖర్చు లేదు. అడిగేది మాత్రం నోటితో కాకుండా ఉత్తరంలో అడగాలి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది, నోటిమాటగా చెప్పిన మొదటి ఏడాది ఎవరికీ ఏమీ గుర్తులేదు. బడి రికార్డులను, చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, మన అనుమతి లేకుండా బయటికి ఇవ్వకూడదని 1974 నాటి మరో చట్టం ఉంది. మావాడికి దొరికినవి చిన్నవే. ముందు వరసలో చోటు, పరీక్షలో అదనపు సమయం, పనిని ముక్కలుగా చెప్పడం, మధ్యలో లేచి ఒక చుట్టు నడిచి రావడం.

ఈ నడిచి రావడం దగ్గరే రెండు సంస్కృతులూ ఢీకొన్నాయి. నీకేం కావాలో నువ్వే చెప్పుకోవాలని బడిలో వాడికి నేర్పారు. ఒకరోజు ఆదివారం తెలుగు తరగతిలో వాడు లేచి, నిలబడి, "నేనిప్పుడు బయటికి వెళ్లాలి, నా మెదడుకు విరామం కావాలి" అన్నాడు. తెలుగులోనే అన్నాడు పాపం. పాఠం చెబుతున్న పెద్దాయనకు అది ఎదురు చెప్పడంలా వినిపించింది. ఆయన తప్పూ కాదు. మన ఇళ్లలో పిల్లలు అవసరాన్ని చెప్పరు, పెద్దలే కనిపెట్టాలి. అమెరికా బడి మర్యాదను మాట మాటగా తెలుగులోకి తెస్తే పొగరు అవుతుంది. వీడియో కాల్‌లో నాయనమ్మ దాన్ని సరిచేశారు. "ఒక్క నిమిషం అలా నడిచి వస్తానండీ" అనమన్నారు. వాడు ఆ వాక్యాన్ని పద్యంలా బట్టీపట్టాడు. మరుసటి వారం ఆ "అండీ" వినగానే మాస్టారు చేత్తోనే వెళ్లమన్నారు.

తర్వాత ఆయనతో కూర్చుని మాట్లాడాను. అక్షరాభ్యాసం రోజున బియ్యంలో వేలితో రాయిస్తాం, మర్నాటి నుంచి కదలకుండా కూర్చోబెట్టి కాగితం మీదే రాయిస్తాం, ఎందుకండీ అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, వచ్చే వారానికి నాలుగు పళ్లేలు, ఒక బియ్యం సంచి తెచ్చారు. గుణింతాలు నేల మీద సుద్దతో రాసి గెంతించారు. వేమన పద్యానికి బంతి కొడుతూ తాళం వేయించారు. ఏడీహెచ్‌డీ లేని పిల్లలే ఎక్కువ సంబరపడ్డారు. అన్నీ ఫలించాయని కాదు. ఉగాది కార్యక్రమంలో మావాడికి తెర లాగే పని ఇస్తే, తెరతోపాటు మైకు తీగ కూడా లాగాడు. కూచిపూడి ఆడుతున్న అమ్మాయి పాట లేకుండా మూడు నిమిషాలు ఆడింది. వాళ్లమ్మ దగ్గరకు నేనే వెళ్లి క్షమాపణ అడిగాను. ఆవిడ క్షమించిందో లేదో ఇప్పటికీ తెలియదు.

కోపం వచ్చిన రోజుల్లో నన్ను నిలబెట్టేది ఒక అంకె. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో, ఈ పిల్లల్లో మెదడు పైపొర ఎదుగుదల దాదాపు మూడేళ్లు వెనకగా సాగుతుందని చూపించారు. మిగతా పిల్లల్లో ఏడున్నరేళ్ల దగ్గర కనబడిన దశ వీళ్లలో పదిన్నర దగ్గర కనబడింది. పన్నెండేళ్లవాడు బూట్లు ఎక్కడో మరిచి వస్తే, మనసులో తొమ్మిదేళ్లవాడిని ఊహించుకుంటాను. అరవడం పూర్తిగా మానలేదు, గొంతు కాస్త తగ్గింది. ఇదంతా వరం, ప్రత్యేక శక్తి అని పోస్టర్లు వేసేవాళ్లంటే నాకు చిరాకు. బూట్లు పోవడం వరం కాదు.

మొన్న సంక్రాంతికి పిల్లల చేత సరదాగా ఒక అష్టావధానం చేయించారు. మన భాషలో ఏకాగ్రతకు, దాన్నే పందెం కాసి ఆడే ఈ ఆటకు పేరు ఒక్కటే, అవధానం. మాస్టారే అవధాని. మావాడిని ఏం చేయాలని తర్జనభర్జన పడుతుంటే ఆయనే, "అప్రస్తుత ప్రసంగం వాడిదే, వేరే ఎవరికిస్తాం?" అన్నారు. అవధాని ధ్యాస చెదరగొట్టడానికి సంబంధం లేని ప్రశ్నలు అడగడమే ఆ పని. పన్నెండేళ్లలో వాడు అంత శ్రద్ధగా దేనికీ సిద్ధపడలేదు. ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాడు, ఆ కాగితం ఇంట్లో మరిచిపోయాడు.

సమస్యాపూరణం నడుస్తోంది. పక్కన ఒక పాప గంట కొడుతోంది, అవధానిగారు మనసులో లెక్కపెట్టుకుంటున్నారు. మావాడు లేచి, "అవధానిగారూ, మీ తెల్ల కారు లైట్లు వెలుగుతున్నాయండీ" అన్నాడు. సభంతా నవ్వింది. మాస్టారు తడుముకోకుండా, "నాయనా, అవి నా పద్యంలో అలంకారాలు" అని చమత్కరించారు. మావాడు కదల్లేదు. "లేదండీ, నిజంగానే వెలుగుతున్నాయి. వచ్చేటప్పుడు చూశాను."

ఎవరో వెళ్లి చూసి వచ్చారు. నిజమే. మాస్టారు పంచె సర్దుకుంటూ బయటికి పరుగెత్తారు, గంటల లెక్క కాస్తా తప్పిపోయింది. తిరిగి వచ్చి మైకు అందుకుని, ఆ తెల్ల కారు పక్కన ఒక నీలం కారు వెనక తలుపు బార్లా తెరిచి ఉందని, ఎవరిదో చూసుకోమని చెప్పారు.

అది మాది. ఆ తలుపులోంచి దిగింది మావాడే.