సెంటరు చరిత్ర అద్దె కాగితాల్లో ఉంటుంది

విశాఖలో ఎల్జీబీటీ వాళ్ల సర్వీస్ సెంటర్ చరిత్ర రాద్దామనుకునేవాళ్లు ముందు బోర్డు ఫొటో వెతుకుతారు. సాధారణంగా దొరకదు. అసలు సంగతి తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటారన్న భయంతో డ్రాప్ఇన్ సెంటర్లకి, అంటే హెచ్ఐవీ నివారణ సేవల కోసం వచ్చి కాసేపు కూర్చునే చోట్లకి, బోర్డే పెట్టేవారు కాదు, పెట్టినా ఆరోగ్యం మాటే రాసేవారు. 1971లో లాస్ ఏంజెలస్‌లో తలుపులు తెరిచిన సెంటరు పేరులోనే ‘గే’ అని పెట్టుకుంది. పన్ను మినహాయింపు కోసం 1974 దాకా ఆగింది కూడా.

మన దగ్గర వెతకాల్సినవి పదకొండు నెలల అద్దె అగ్రిమెంట్లు. తేదీల వరసన పేరిస్తే ఏ ఏడు ఏ వీధిలో ఉందో తేలిపోతుంది. మధ్యలో మూడు నెలలు ఖాళీ కనిపిస్తే సెంటరు మూతపడిందని రాసేయకండి. నిధులు ఆలస్యమై ఉండొచ్చు, బ్యాంకు పాస్‌బుక్ పక్కన పెట్టుకుని చూడండి. 2014 జూన్‌కి ముందు రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ ఆఫీసు ఉత్తరాలు హైదరాబాద్‌వి, కాపీలు అక్కడా అడగాలి.

రిజిస్టర్లు చదవడంలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కార్యక్రమం మూడో దశలో, అంటే 2007–12 మధ్య, హిజ్రాలని కూడా ‘ఎంఎస్ఎం’ (మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లు) గడిలోనే లెక్కపెట్టారు. నాలుగో దశలో విడదీశారు. ఆ తర్వాత ఎంఎస్ఎం అంకె పడిపోతే జనం రావడం మానేశారని కాదు, గడి మారిందంతే.

హుద్‌హుద్‌లో తడిసి అట్టకట్టిన పేజీలుంటే చేత్తో లాగొద్దు. పల్చటి ప్లాస్టిక్ బద్దని అంచు నుంచి మెల్లగా జరపండి, ఊడి రాకపోతే అలాగే వదిలేయండి. నిగనిగలాడే బిల్లులు ముందు జిరాక్స్ తీయించాలి, ఈ ఉక్కపోతకి అక్షరాలు ఎక్కువ కాలం నిలవవు.

లైన్‌లిస్ట్‌కి, అంటే సెంటరుకి వచ్చేవాళ్ల వివరాల జాబితాకి, ఫొటో తీసే ముందు పేరు, ఫోను, పరీక్ష ఫలితం ఉన్న గడుల మీద తెల్లకాగితం పట్టీలు పరవాలి. తీశాక చెరిపేద్దాంలే అంటే అసలు ఫొటో ఫోన్లోనే ఉండిపోతుంది. ఇది మర్యాద ఒక్కటే కాదు, 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా ఎవరి స్థితీ బయటపెట్టకూడదు.

పెద్దవాళ్లని అడిగేటప్పుడు ముందు హిజ్రాల గురువుగారితో మాట్లాడి, తర్వాత చేలాలని (శిష్యుల్ని) కలవండి. ‘ఏ సంవత్సరం?’ అంటే ఎవరూ చెప్పలేరు, ‘తుపానుకి ముందా, తర్వాతా?’ అంటే టక్కున చెబుతారు. ‘377 కొట్టేసినప్పుడు’ అని జవాబొస్తే మాత్రం ఇంకో ప్రశ్న వేయాలి: స్వలింగ సంబంధాల్ని నేరమన్న ఆ ఐపీసీ సెక్షన్‌ని ఢిల్లీ హైకోర్టు 2009లో కొట్టేసింది, సుప్రీంకోర్టు 2013లో మళ్లీ నిలబెట్టి 2018లో కొట్టేసింది. ఏ తీర్పో తేల్చుకోకపోతే సెంటరు వయసులో తొమ్మిదేళ్లు తేడా వస్తుంది.