బొట్టు కరిచిన చెయ్యి

నా కుడి బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా మడత పడదు. చిటికెన వేలి మొదలు తాకబోతే అర అంగుళం దూరంలో ఆగిపోతుంది. ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుట్టి ఇల్లు నడిపిన చెయ్యి ఇది. కరిచింది మా పిల్లి బొట్టు, 2024 దీపావళి రాత్రి. అప్పటికి అది మాతో పద్నాలుగేళ్లుగా ఉంటోంది. దాని కిడ్నీలు పాడయ్యాయని తెలిసి అయిదు నెలలైంది. నా చేతి సంగతి చెప్పాలంటే ముందు దాని సంగతి చెప్పాలి.

2010 ఆగస్టులో, హైదరాబాద్ నల్లకుంటలో మేం అద్దెకున్న ఇంటి మెట్ల కింద దొరికింది. నాలుగు రోజులుగా ముసురు. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఆ తిప్పడంలో దీన్ని తీసుకెళ్లడానికి మళ్లీ రాలేకపోయిందో ఏమో. ఒక పగలూ ఒక రాత్రీ ఎదురుచూశాం, తల్లి రాలేదు. తెల్లటి ఒళ్లు, నుదుట నల్లటి మచ్చ. బొట్టు అని పేరు పెట్టింది మా అత్తయ్య. పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి కూర్చుని మంచినీళ్లు తాగి గానీ బయల్దేరని మనిషి ఆవిడ.

మూడు రోజులు మిషన్ వెనకాల, గోడకీ స్టాండుకీ మధ్యలో నక్కి ఉంది. నేను లాగలేదు. గిన్నె అక్కడే పెట్టి నా పని నేను చేసుకున్నాను. నాలుగో రాత్రి పీలికల సంచిలోకి దూరి పడుకుంది. ఆ తర్వాత పద్నాలుగేళ్లూ దాని పక్క అదే. వాయిల్ పీలికలంటే ఇష్టం, పట్టు ముక్కలు మాత్రం కాళ్లతో బయటికి తోసేసేది.

మొదట్లో అందరిలాగే పాలు పోశాం. విరేచనాలు పట్టుకున్నాయి. పాలు విడిచే వయసు దాటాక చాలా పిల్లులకు పాలు అరగవని పశువుల డాక్టర్ చెబితేనే తెలిసింది. పెరుగన్నం పెడుతున్నామంటే, పిల్లికి మాంసం తప్పదమ్మా, టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో చాలినంత తయారవదు, మాంసం నుంచే రావాలి, లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి అన్నారాయన. అప్పటినుంచి ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చికెన్. అత్తయ్య దానికోసం బాల్కనీలో విడిగా చిన్న స్టవ్ పెట్టింది.

ఇంకొకటి కూడా ఆయనే చెప్పారు, టైలరింగ్ ఇల్లని తెలిసి. పిల్లి దారం మింగితే ఒక కొస ఎక్కడో చిక్కుకుని, పేగు ఆ దారం వెంబడి కుచ్చులు పడిపోతుందట. పేగు కోసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. కుచ్చులంటే ఏమిటో నాకు వేరే చెప్పాలా? ఆ రోజే రీళ్లన్నీ బిస్కెట్ల రేకు డబ్బాలో వేసి మూత పెట్టాను.

2024 మే చివర్లో అది నీళ్లు ఎక్కువ తాగడం గమనించాను. ఎండాకాలం కదా అనుకున్నాను. జూన్‌లో మట్టి ట్రే రోజుకి రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. ఎత్తుకుంటే వెన్నెముక చేతికి తగిలింది. నాలుగు కిలోలుండే పిల్లి మూడుకి దిగింది. రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 4.6, ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. కిడ్నీలు మూడింట రెండొంతులు పనిచేయడం మానేసేదాకా పిల్లి బయటపడదని, ఇక బాగుచేయడం ఉండదని, నెమ్మదిగా నడిపించడమే ఉంటుందని డాక్టర్ చెప్పారు. రోజు విడిచి రోజు 100 మిల్లీలీటర్ల సెలైన్ మెడ వెనక చర్మం కింద ఎక్కించాలి. సూది పట్టడం నాకు కొత్త కాదు గానీ మొదటిసారి ఆ చర్మంలోకి గుచ్చినప్పుడు చెమటలు పట్టాయి. సెలైన్ సీసా కర్టెన్ రాడ్డుకి కట్టి, బొట్టుని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. అత్తయ్య ఎదురుగా కూర్చుని దాని తల నిమిరేది.

దీపావళి నాడూ అలాగే కూర్చున్నాం, రాత్రి ఏడున్నరకి. చప్పుళ్లు మొదలవకముందే ముగిద్దామని తలుపులన్నీ వేసుకున్నాం. సీసాలో ఇంకా సగం ఉందనగా మా వసారాలోనే పేలిందా అన్నట్టు లక్ష్మీ బాంబు పేలింది. బొట్టు నా చేతుల్లోనే మెలితిరిగి బొటనవేలి మొదట్లో పళ్లు దింపేసింది. పద్నాలుగేళ్లలో గీరిందే తప్ప ఎన్నడూ కరవలేదు.

రక్తం పెద్దగా రాలేదు. రెండు చుక్కలు, అంతే. అక్కడే మోసపోయాను. కొళాయి కింద ఒక్క నిమిషం కడిగి పసుపు అద్దాను. పిల్లి కోరపన్ను మిషన్ సూదిలాంటిది. పైన చిన్న రంధ్రం చేసి లోపలికి బాగా దిగుతుంది. పైనున్న చర్మం వెంటనే మూసుకుంటుంది, దాని నోట్లోని క్రిములు లోపలే ఉండిపోతాయి. కుక్క కాటు చీరేస్తుంది, చూస్తే భయమేస్తుంది, ఆస్పత్రికి పరిగెడతాం. పిల్లి కాటు చూస్తే భయం కలగదు.

అర్ధరాత్రికి వేలు టకటకా కొట్టుకోవడం మొదలైంది. పొద్దున్నకి బొటనవేలు మొత్తం వాచి నున్నగా మెరుస్తోంది. దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళ్తే టీటీ ఇంజెక్షన్ చేసి, సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు రాసి, ఇంట్లో పిల్లే కదా, ఏం కాదు అని పంపేశారు. షుగర్ ఉందని చెప్పాను. విన్నారో లేదో తెలియదు. ఆ రాత్రి జ్వరం 102 దాటింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి చార పాకింది. వేలు సగం వంగి అలాగే ఉండిపోయింది. దాన్ని చాపబోతే ప్రాణం పోయినంత పనైంది. నవంబర్ 2, శనివారం తెల్లవారగానే మా ఆయన ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకెళ్లారు.

అక్కడి సర్జన్ చెయ్యి చూసి, వేలిని కొద్దిగా చాపి, ఇంకేమీ అడక్కుండా నర్సుతో ఆపరేషన్ థియేటర్ చూడమన్నారు. వేలిని వంచే నరంలాంటి తీగ చుట్టూ ఒక తొడుగు ఉంటుందట, చీము అందులోకి వెళ్లింది. ఆలస్యమైతే ఆ తీగే కుళ్లిపోతుంది.

"కుట్టుపని చేస్తానండీ. వేలు ఉంటుందా?" అని అడిగాను.

"అందుకేనమ్మా తొందర" అన్నారు.

చంకలో ఇంజెక్షన్ ఇచ్చి చెయ్యి ఒక్కటే మొద్దుబరిపించారు. తెర అడ్డంగా కట్టారు. అవతల నీళ్ల చప్పుడు వినిపించింది, వేలి లోపల కడుగుతున్నారు. నా చెయ్యి తెరకి అవతల పరాయిదానిలా ఉంది. నాకు ఆ సమయంలో బొట్టే గుర్తొచ్చింది. శనివారం దానికి సెలైన్ ఎక్కించాల్సిన రోజు.

చీము పరీక్షలో తేలిన క్రిమి పేరు పాశ్చురెల్లా. పిల్లుల నోట్లో మామూలుగానే ఉంటుంది, వాటినేమీ చేయదు. మన ఒంట్లోకి వెళ్తే ఒక్క రోజులోనే వాపు తెప్పిస్తుంది. అంతకుముందు నాకిచ్చిన సెఫలెక్సిన్ దానిమీద సరిగ్గా పనిచేయదట. పెన్సిలిన్ జాతి మందులకి లొంగుతుంది. అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన మందు నరానికి ఎక్కించారు, ఇన్సులిన్ కూడా మొదలుపెట్టారు.

రేబిస్ టీకా సంగతి అప్పుడే వచ్చింది. మా పిల్లికి ఏటా టీకా వేయిస్తున్నాం, ఇల్లు దాటి పోదు అన్నాను. అయినా రక్తం వచ్చిన కాటు కాబట్టి టీకా తప్పదన్నారు. 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలు. టీకా పనిచేసేలోగా కాపాడే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా గాయంలోకి ఎక్కించారు. ఆ నొప్పి ఆపరేషన్ కన్నా ఎక్కువ. తర్వాత టీకా వేసిన డాక్టరమ్మ, "పది రోజులు పిల్లిని గమనించండి. మామూలుగా ఉంటే భయం లేదు" అంది.

మా పిల్లి మామూలుగా లేదు. కిడ్నీలు పోయి నడుస్తోంది. ఈ పది రోజుల్లో అది పోతే దేనివల్ల పోయిందో తేల్చడానికి దాని తల పరీక్షకి పంపాల్సి వస్తుందని అడిగి తెలుసుకున్నాను. ఆ మాట విన్నాక నాకు నిద్ర లేదు. మంచం మీద పడుకుని రోజులు లెక్కపెట్టాను. నాకు రేబిస్ వస్తుందన్న భయం నిజంగా లేదు. దాన్ని అలా పంపాల్సొస్తుందేమోననే టెన్షన్.

ఇంట్లో అత్తయ్య, మా ఆయన కలిసి సెలైన్ ఎక్కించారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, చేతులు వణుకుతాయి, తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుని పట్టుకుందట. అయిదో రోజు ఫోన్ చేసి, "ఒళ్లు వెచ్చగా ఉందే అమ్మాయ్, నీ జ్వరం బిళ్ల చిన్న ముక్క వెయ్యనా?" అని అడిగింది. గట్టిగా అరిచాను, వార్డంతా తిరిగి చూసింది. మనకి మామూలు మందైన పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క బిళ్లతో చనిపోవచ్చు. దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఫోన్ పెట్టేశాక, ఆవిడ మీద అరిచానే అని ఏడుపొచ్చింది. మర్నాడు అత్తయ్యే ఆ బిళ్లలన్నీ నా బీరువాలో పెట్టి తాళం వేశానని చెప్పింది.

ఎనిమిదో తేదీన ఇంటికొచ్చాను. బొట్టు సంచిలోంచి లేచొచ్చి నా కట్టు చాలాసేపు వాసన చూసింది. తర్వాత కట్టు లేని చేతి పక్కన పడుకుంది. నవంబర్ 10, ఆదివారం పొద్దున అది గిన్నె దగ్గరికి నడిచొచ్చి చికెన్ నీళ్లు తాగుతుంటే అత్తయ్య దేవుడి దగ్గర దీపం పెట్టింది. మిగిలిన టీకాలు నారాయణగూడలో టీకాలు వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేయించుకున్నాను.

కట్లు విప్పాక అసలు కష్టం తెలిసింది. చీము పోయింది గానీ వేలు కొయ్యలా బిగుసుకుపోయింది. ఫిజియోథెరపీ అమ్మాయి రోజుకి నాలుగుసార్లు వ్యాయామం చెప్పింది. వేడినీళ్లలో చెయ్యి పెట్టి, చపాతీ పిండి ముద్ద పిసకడం. పళ్లెంలో బొత్తాలు పోసి ఒక్కొక్కటే రెండు వేళ్లతో తీసి సీసాలో వేయడం. మొదటి రోజు పదిహేను నిమిషాల్లో ఆరు బొత్తాలు తీశాను. బొట్టు పళ్లెం పక్కన కూర్చుని, కింద పడిన బొత్తాన్ని పంజాతో ఒక్కసారి కదిపి వదిలేసేది. ఒకప్పుడైతే గది చివరిదాకా తరిమేది. డిసెంబర్ మూడో వారానికి చిన్న కత్తెర ఉంగరంలో బొటనవేలు పట్టింది. ఆర్డర్లు రెండు నెలలుగా ఆగిపోయాయి, క్రిస్మస్ గిరాకీ మొత్తం పోయింది. కొందరు బట్టలు వెనక్కి తీసుకెళ్లారు. వాళ్లని తప్పుపట్టను.

నా చెయ్యి తెరుచుకుంటుంటే అది చిక్కిపోతూ వచ్చింది. సంక్రాంతి వెళ్లాక తిండి మానేసింది. నోట్లో పుళ్లు, ఊపిరిలో మూత్రం వాసన. సెలైన్ ఎక్కిస్తే చర్మం కింద అలాగే నిలిచిపోయేది. పీలికల సంచి అంచు దాటలేక దాని బయటే పడుకునేది. సంచిని కత్తిరించి నేలమీద పరిచాను. అదే ఆపరేషన్ తర్వాత నేను పెద్ద కత్తెరతో చేసిన మొదటి పని.

డాక్టర్ దాపరికం లేకుండా చెప్పారు. ఇంకో నాలుగు రోజులు ఉంచగలం, ఆ నాలుగు రోజులూ బాధే. ముందు మత్తు ఇస్తాం, గాఢంగా నిద్రపోయాక రెండో ఇంజెక్షన్. అత్తయ్యని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "అది నోరు విప్పి అడగలేదు కదా. మనమే అడగాలి" అంది.

జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం, వాయిల్ పీలికలు పరిచిన తువ్వాల్లో తీసుకెళ్లాం. ఎడమ చేత్తో పట్టుకోవచ్చు, కానీ కుడి చేతినే దాని మెడ కింద పెట్టాను. మత్తు ఎక్కుతుంటే తల బరువంతా నా బొటనవేలి మీద వాలింది. కుట్ల మచ్చ మీద దాని ఊపిరి వెచ్చగా తగిలింది. కాసేపటికి డాక్టర్ స్టెతస్కోప్ తీసి తలూపారు. సాయంత్రం ఫతుల్లాగూడలోని జంతువుల దహనవాటికలో అప్పజెప్పి వచ్చాం. అత్తయ్య కూడా వచ్చింది, దాని నుదుటి మచ్చ మీద కుంకుమ పెట్టింది.

మొన్న ఆషాఢంలో పక్కవాటా పిల్లాడు ఏడుస్తూ వచ్చాడు. గేటు దగ్గర పిల్లిని ఎత్తుకోబోతే చూపుడువేలు కరిచిందట. రెండు చుక్కలు. వాళ్లమ్మ పసుపు డబ్బా పట్టుకుని వెనకే వచ్చింది. డబ్బా పక్కన పెట్టించి, వాడి చెయ్యి కొళాయి కింద పెట్టి సబ్బుతో కడగడం మొదలుపెట్టాను. గోడ గడియారం చూస్తూ పావుగంట కడిగాను. వాడు చెయ్యి లాక్కోబోయాడు, నేను వదల్లేదు. తర్వాత వాళ్లమ్మా నేనూ ఆటో ఎక్కించి ఐపీఎంకి తీసుకెళ్లాం. లైన్లో నిలబడినప్పుడు వాడు నా మచ్చ చూసి, "ఆంటీ, మీక్కూడా పిల్లేనా?" అని అడిగాడు.

"బొట్టు" అని చెప్పాను.