లిఫ్ట్ రిపేరు

సవ్తా పడుకుంది. ఇక్కడ ఇజ్రాయెల్‌లో నేను చూసుకునే ముసలావిడ, హీబ్రూలో సవ్తా అంటే అమ్మమ్మ. నాకే నిద్ర రావట్లేదు.

పొద్దున సవ్తా కూతురు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. "ఈ ఏడాది మిమ్మల్ని ఎప్పుడైనా నొప్పించి ఉంటే మన్నించండి." కింద దానిమ్మపండు బొమ్మ. యూదుల ఎలూల్ నెల కదా, తప్పులకి క్షమాపణ అడిగే యోమ్ కిప్పూర్ పండుగ లోపు ఇక్కడ చాలామంది ఇలా అడుగుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎప్పుడైనా ఏంటి? వరసగా మూడు శనివారాలు నా సెలవు ఎగ్గొట్టింది, తెలీదా? అదే మెసేజ్ పక్క బిల్డింగులో పనిచేసే కరీంనగర్ అక్కకీ వచ్చింది, అక్షరం మారకుండా. మనిషికి చేసిన తప్పు, ఆ మనిషిని ఒప్పించుకునేదాకా యోమ్ కిప్పూర్‌తో కూడా పోదట. యూదుల పాత ధర్మశాస్త్రం మిష్నాలో ఉందని సవ్తాయే చెప్పింది. ఫార్వర్డ్ కొడితే చాలని ఏ మిష్నాలో ఉందో!

పోయిన సబా, అంటే సవ్తా భర్త, నోటుబుక్కు ఇంకా అలమరలోనే ఉంది. 13 గుణాలు, వారానికొకటి, ఏడాదికి నాలుగు చుట్లు. ఓర్పు, మౌనం, నిజం... తప్పిన రోజు ఒక చుక్క. హెష్బోన్ నెఫెష్ అంటారు, మనసు పద్దు అనుకోండి. 1808లో మెండల్ లెఫిన్ అనే ఆయన ఈ పద్ధతి మీద పుస్తకం వేశాడు, అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్ధతి చూసి.

ఆ చుక్కలు చూస్తే నాకు అమ్మ బీడీల చాట గుర్తొస్తుంది. కరెంటు పోతే కందిలి పెట్టుకుని 25కో కట్ట లెక్కపెట్టేది. ఓ రాత్రి ఆ పని నాకిచ్చింది. ఒక కట్టలో 24 అయ్యాయి. తెలిసీ, లేవడానికి బద్ధకమేసి దారం చుట్టేశా. మర్నాడు కార్ఖానాలో మున్షీ దాన్నే విప్పాడు. ఒక్క బీడీకి కట్టంతా పక్కన పడేశాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి నుంచి నేను కట్టినవన్నీ నా ఎదురుగానే విప్పి మళ్ళీ లెక్కపెట్టేది. నెల రోజులు. రెండు దెబ్బలేసినా అయిపోయేది.

కూతుర్ని అంటున్నా గానీ... ఇవాళ సాయంత్రం సవ్తా కిందికి నడకకి పోదామంటే లిఫ్ట్ పాడైందని చెప్పా. ఏమీ పాడవలేదు. నాకే కదలబుద్ధి కాలేదు. పాపం నమ్మేసి కిటికీ దగ్గర కూర్చుంది. ఇందాక పడుకునేముందు షెమా ప్రార్థన చదవబోతూ, తనకి కోపం తెప్పించినవాళ్ళని, అన్యాయం చేసినవాళ్ళని అందర్నీ క్షమించానని గొణుక్కుంది. రోజూ అనేదే. అందులో నేనూ ఉన్నానని ఆమెకి తెలీదు. కూతురు నయం, మెసేజైనా పెట్టింది.

సెలిహా, అదే సారీ, అనడానికి ఎంతసేపు? బస్సులో కాలు తొక్కితే పదిసార్లు అంటా. పొద్దున్నే చెప్పేయాలి.

లేదంటే లిఫ్ట్ బాగైందని చెప్తా. చూద్దాం.